బరువు సమానమైనప్పుడు: నడుము కొలత, ఎముక సాంద్రత, గణాంక సర్దుబాటు

ఆచార్య సి.ఆర్. రావు స్మారకోపన్యాస పాఠం



రావు గారి పేరు వినగానే గణాంకశాస్త్రం చదివినవారికి క్రామర్-రావు అసమానత, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం తడతాయి. గూడూరు, నూజివీడు, నందిగామ బళ్లలో చదువుకుని, విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి గణితంలో పట్టా పుచ్చుకుని, 1941లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన ఆయన, 1946లో కేంబ్రిడ్జికి ఎందుకు వెళ్లారో తక్కువమందికి తెలుసు. ఆయన వెళ్లింది ఎముకల కోసం. హెన్రీ వెల్‌కమ్ 1910-14 మధ్య సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వించిన ప్రాచీన శ్మశానంలోని అస్థిపంజరాలు కేంబ్రిడ్జి మ్యూజియానికి చేరాయి. వాటి కొలతల్ని విశ్లేషించే పని రావు గారికి అప్పగించారు. ఆ పని చేస్తూనే ఆర్.ఎ. ఫిషర్ దగ్గర 1948లో డాక్టరేట్ పొందారు. జెబెల్ మోయా ప్రాచీన వాసుల మీద ముఖర్జీ, ట్రెవర్‌లతో కలిసి ఆయన రాసిన పుస్తకం 1955లో వెలువడింది.

ఒక మనిషి శరీరంలో మీరు ఎన్ని కొలతలైనా తీసుకోవచ్చు. అవన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. పొడవైనవాడి తొడ ఎముకా పొడవుగానే ఉంటుంది. మరి పది కొలతలు చేతిలో ఉన్నప్పుడు, పదకొండోది కొత్తగా ఏమైనా చెబుతోందా, లేక పాత పదీ చెప్పినదాన్నే తిరిగి చెబుతోందా? దీన్ని తేల్చడానికి రావు గారు ఒక పరీక్షను రూపొందించారు. అదనపు సమాచార పరీక్ష అంటారు దాన్ని. ఒకటి తెలిసి ఉన్నప్పుడు మరొకటి ఏం చెబుతుందన్న ఆ ప్రశ్నే నేటి ఉపన్యాసానికి మూలం. ఈరోజు దాన్ని శ్మశానంలోని ఎముకల మీద కాక, నడిచి తిరుగుతున్న మనుషుల ఎముకల మీద వేసి చూద్దాం.

బొజ్జ ఉన్నవారి ఎముకలు గట్టివా, బలహీనమైనవా? పరిశోధన పత్రికలు తిరగేస్తే రెండు జవాబులూ దొరుకుతాయి. విచిత్రమేమిటంటే, చాలాసార్లు ఆ రెండు జవాబులూ ఒకే మనుషుల కొలతల నుంచి, ఒకే పట్టికలోని పక్కపక్క గళ్లలోంచి వస్తాయి. మొదటి గడిలో నడుము పెరిగినకొద్దీ సాంద్రత పెరుగుతుంది. బరువుకు సర్దుబాటు చేశామని పక్క గడి మీద రాసి ఉంటుంది. అక్కడ నడుము పెరిగినకొద్దీ సాంద్రత తగ్గుతుంది. మొదటిది పైపై లెక్క, రెండోది శుద్ధి చేసిన లెక్క, కాబట్టి రెండోదే నిజమన్న భావన మన విద్యార్థుల్లోనే కాదు, వైద్యుల్లోనూ పాతుకుపోయింది. అది తప్పని నా వాదన. సర్దుబాటు అంటే కడిగి శుభ్రం చేయడం కాదు, వేరే ప్రశ్న అడగడం.

ముందు ఎముక సాంద్రత అని మనం పిలిచేదేమిటో చూడాలి. డెక్సా యంత్రం రెండు వేర్వేరు శక్తులున్న ఎక్స్-కిరణాల్ని శరీరం గుండా పంపి, ఎముకకూ మెత్తని కణజాలానికీ తేడా పట్టుకుంటుంది. అది ఇచ్చే అంకె చదరపు సెంటీమీటరుకు ఇన్ని గ్రాముల ఖనిజం అని. నిజమైన సాంద్రత ఘనపు సెంటీమీటరుకు ఉండాలి. కానీ యంత్రం చూసేది ఎముక నీడను మాత్రమే, మందాన్ని కాదు. ఒకే పదార్థంతో చేసిన రెండు ఎముకల్లో ఒకటి రెండు సెంటీమీటర్ల మందం, మరొకటి మూడు సెంటీమీటర్ల మందం అనుకోండి. పదార్థంలో తేడా లేకపోయినా రెండోదాని అంకె ఒకటిన్నర రెట్లు కనిపిస్తుంది. అందుకే పెద్ద అస్థిపంజరం ఉన్నవారికి ఎక్కువ అంకె, చిన్న అస్థిపంజరం ఉన్నవారికి తక్కువ అంకె వస్తాయి. దీన్ని సరిదిద్దే సూత్రాల్ని కార్టర్, బుక్సైన్, మార్కస్ 1992లోనే ప్రతిపాదించారు. ఆస్పత్రి రిపోర్టుల్లో మాత్రం పాత అంకే నడుస్తోంది. పైగా ఎముక చుట్టూ ఉన్న కొవ్వు సమంగా పరుచుకోకపోతే యంత్రం లెక్క కొంత తప్పుతుంది. అంటే శరీర ఆకృతి ఎముకను ప్రభావితం చేయడమే కాదు, ఎముకను కొలిచే పనిలోనూ వేలు పెడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో నిర్ణయించిన ప్రకారం టీ-స్కోరు (యువతుల సగటు నుంచి ఎన్ని ప్రామాణిక విచలనాల దూరమో చెప్పే అంకె) మైనస్ 2.5 గానీ, అంతకన్నా కింద గానీ ఉంటే ఎముకలు గుల్లబారినట్టు. ఇప్పుడు తుంటికి వాడుతున్న ప్రామాణిక కొలమానం 20-29 ఏళ్ల అమెరికన్ శ్వేతజాతి స్త్రీలది. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో అవసరం పడుతుంది.

ఇక పైపై లెక్క. బరువైనవారి ఎముకలు సాంద్రంగా ఉంటాయన్నది దాదాపు ప్రతి దేశంలోనూ కనిపించిన విషయం. కారణాలూ తెలిసినవే. మోసే బరువును బట్టి ఎముక తన్ను తాను కట్టుకుంటుందని జర్మన్ శస్త్రవైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లో రాశాడు. కొవ్వు కణజాలంలోని అరోమటేజ్ ఎంజైము ఈస్ట్రోజెన్‌ను తయారుచేస్తుంది. ముట్లుడిగిన స్త్రీకి అండాశయాల నుంచి రావలసినది ఆగిపోయాక ఇది కొంత అండ. ఇవి ఎముకకు మేలు చేసే దారులు. కీడు చేసే దారులూ ఉన్నాయి. పొట్ట లోపల పేరుకున్న కొవ్వు వాపును పెంచే రసాయనాల్ని విడుదల చేస్తుంది. ఎముక మూలుగలో కొవ్వుకూ ఎముక కట్టే కణాలకూ పుట్టుక ఒకే మూలకణం నుంచి గనుక, ఒకవైపు మొగ్గితే రెండోవైపు తరుగుతుంది. శరీరంలో ఈ దారులన్నీ ఒకేసారి పనిచేస్తుంటాయి. పైపై లెక్కలో కనిపించేది వాటన్నిటి మొత్తం.

2007లో ఝావో, సహచరులు దాదాపు రెండు వేలమంది చైనీయుల, దాదాపు నాలుగున్నర వేలమంది శ్వేతజాతీయుల కొలతల్ని విశ్లేషించారు. మామూలుగా చూస్తే కొవ్వు ఎక్కువున్నవారికి ఎముక ద్రవ్యరాశీ ఎక్కువే. శరీర బరువు ఎముకపై మోపే భారాన్ని లెక్కలోంచి తీసేశాక సంబంధం తిరగబడింది. అంతకుముందు ఏడాది చైనాలోని అన్హుయీ ప్రాంతంలో పదమూడు వేలకు పైగా జనాన్ని ఐదేసి కిలోల బరువు తరగతులుగా విడదీసి చూసినప్పుడూ అంతే. ఒకే తరగతిలో కొవ్వు ఎక్కువున్నవారి ఎముకల్లో ఖనిజం తక్కువ. ఊబకాయం ఎముకను కాపాడుతుందన్న నమ్మకం కూలిపోయిందని అప్పట్లో చాలామంది భావించారు. ఇక్కడ కాస్త ఆగి, కాగితం మీద చిన్న లెక్క చేద్దాం. బోర్డు మీద రాయాల్సిన లెక్కే అయినా మాటల్లో చెప్పగలిగేంత తేలిక.

శరీర బరువంటే కొవ్వు, కొవ్వు కానిది. రెండోదాన్ని ఇకపై కండ అందాం. అందులో నీరూ, అవయవాలూ ఉన్నాయన్నది మనసులో ఉంచుకుందాం. ఎముకలో ఖనిజానికి కిలో కండ ఐదు పాళ్లు, కిలో కొవ్వు రెండు పాళ్లు తోడ్పడుతుందనుకోండి. ఇవి నేను ఊహించిన అంకెలు. ముఖ్యమైన సంగతి, రెండూ మేలు చేసేవే, కండ చేసే మేలు ఎక్కువ. ఇప్పుడు ఇద్దరు స్త్రీలు. ఇద్దరి బరువూ 60 కిలోలే. మొదటామెకు 40 కిలోల కండ, 20 కిలోల కొవ్వు. ఆమె ఎముకకు 240 పాళ్లు. రెండో ఆమెకు 35 కిలోల కండ, 25 కిలోల కొవ్వు. ఆమెకు 225 పాళ్లు. బరువు సమానం, కొవ్వు ఐదు కిలోలు ఎక్కువ, ఎముక 15 పాళ్లు తక్కువ. అంటే కిలో కొవ్వుకు మైనస్ మూడు. ఈ మైనస్ మూడు ఎక్కడిది? రెండులోంచి ఐదు తీసేస్తే వచ్చింది. కొవ్వు ఎముకకు ఏ హానీ చేయని ఈ ఊహాలోకంలో కూడా, బరువుకు సర్దుబాటు చేయగానే కొవ్వు హంతకిలా కనిపించింది. అదే మొదటామెను, 40 కిలోల కండే ఉండి 25 కిలోల కొవ్వున్న మూడో స్త్రీతో పోల్చండి. మూడో ఆమెకు 250 పాళ్లు. ఎముక పెరిగింది.

కొవ్వు, కండ అని రెండు చలరాశులు పెట్టిన రిగ్రెషన్, కొవ్వు, బరువు అని రెండు చలరాశులు పెట్టిన రిగ్రెషన్ గణితపరంగా ఒకటే. ప్రతి మనిషి ఎముకకూ రెండూ ఒకే అంచనా ఇస్తాయి, రెండింటి తప్పూ ఒకటే. కొవ్వు గుణకం మాత్రం ఒకదాంట్లో ప్లస్ రెండు, రెండోదాంట్లో మైనస్ మూడు. ఏ పరీక్ష పెట్టినా ఏది మెరుగైన నమూనా అన్నది డేటా చెప్పలేదు. మొదటిది అడిగేది, కండ మారకుండా కొవ్వు చేరితే ఏమవుతుందని. రెండోది అడిగేది, అంతే బరువులో కండ స్థానంలో కొవ్వు కూర్చుంటే ఏమవుతుందని. పరిశోధకుడు తన ప్రశ్న ఏదో చెప్పకుండా, సర్దుబాటు తర్వాత కొవ్వు ఎముకకు చేటని రాస్తే పాఠకుడికి అన్యాయం జరుగుతుంది. నేను చదివిన వ్యాసాల్లో తన ప్రశ్నను స్పష్టంగా చెప్పినవి తక్కువ. నాకు బాధ కలిగించే విషయం ఇదే.

నిజజీవితంలో కొవ్వు అసలు హాని చేయదని ఈ లెక్క రుజువు చేయదు. లోపలి కొవ్వు చేసే కీడుకు జీవశాస్త్రపరమైన ఆధారాలున్నాయి. లెక్క చెప్పేది ఒక్కటే, గుర్తు తిరగబడినంత మాత్రాన ఆ కీడు రుజువైనట్టు కాదు.

అలాగని రెండో ప్రశ్న అర్థం లేనిదీ కాదు. బరువు మారకుండా కండ కరిగి కొవ్వు చేరడం కాగితం మీద మాత్రమే జరిగే పని కాదు. యాభై దాటిన శరీరంలో జరిగేది సరిగ్గా అదే. తూకం యంత్రం ఏళ్ల తరబడి అదే అంకె చూపిస్తుంటే, నడుం చుట్టూ చీర కుచ్చిళ్లు మాత్రం తగ్గుతూ వస్తాయి. భారతీయుల విషయంలో ఇది యవ్వనం నుంచే ఉంది. 2004లో పుణేకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ లాన్సెట్ పత్రికలో తమ ఫొటోను అచ్చువేశారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తు వర్గానికి బరువు నిష్పత్తి) 22.3. యుడ్కిన్ శరీరంలో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ శరీరంలో 21.2 శాతం. బీఎంఐని సమానం చేశామన్న వ్యాసం ఏం సమానం చేసిందో, ఏం సమానం చేయలేదో చెప్పడానికి నాకు తెలిసి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. ఒకే బీఎంఐ దగ్గర నడుము పెద్దదన్న మాటలో కొవ్వు ఎక్కువన్న అర్థం ఎంతుందో, కండ తక్కువన్న అర్థమూ అంతే ఉంది.

కొన్ని కొలతలు పుట్టుకతోనే సర్దుబాటు అయి వస్తాయి. అమెరికా జాతీయ ఆరోగ్య, పోషకాహార సర్వే కొలతల ఆధారంగా 2012లో తండ్రీకొడుకులు జెస్సీ క్రాకవర్, నిర్ క్రాకవర్ ప్రతిపాదించిన శరీరాకృతి సూచిక అలాంటిది. నడుము చుట్టుకొలతను బీఎంఐకి మూడింట రెండు ఘాతంతోనూ, ఎత్తుకు సగం ఘాతంతోనూ భాగిస్తారు. బరువుతోనూ ఎత్తుతోనూ సంబంధం దాదాపు మిగలకుండా ఉండేలా ఆ ఘాతాల్ని ఎంచారు. కాబట్టి ఈ సూచికను ఎముక సాంద్రతతో పోల్చి, మేం దేనికీ సర్దుబాటు చేయలేదని ఎవరైనా అంటే నమ్మకూడదు. సర్దుబాటు సూత్రంలోనే ఉంది.

సాంద్రతను వదిలి ఎముక విరగడం దగ్గరకు వెళ్దాం. రోగికి కావలసింది అదే. నార్వేలో 60 నుంచి 79 ఏళ్ల వయసున్న సుమారు 43,000 మందిని ఎనిమిదేళ్లు గమనించిన అధ్యయనం 2015లో వచ్చింది. బీఎంఐ పెరిగినకొద్దీ తుంటి విరగడం తగ్గింది. బీఎంఐ తదితరాలకు సర్దుబాటు చేశాక, నడుము అతి పెద్దగా ఉన్న మూడోవంతు స్త్రీలలో, అతి చిన్నగా ఉన్నవారికన్నా తుంటి విరుపు ముప్పు 86 శాతం ఎక్కువ. పురుషులలో రెట్టింపు. వృద్ధుల్లో చేసినది గనుక ఈ అధ్యయనం అడిగిన ప్రశ్న, కండ పోయి పొట్ట వచ్చినవారి గతేమిటన్నది, వారి జీవితానికి దగ్గరగా ఉంది. అందుకే దీనికి నేను ఎక్కువ విలువిస్తాను.

ఇంతకన్నా జటిలమైన సర్దుబాటు ఒకటుంది. ఎముక సాంద్రతకే సర్దుబాటు చేయడం. 2014లో యోహాన్సన్, ఆమె సహచరులు 25 అధ్యయనాల్లోని దాదాపు నాలుగు లక్షల మంది స్త్రీల లెక్కల్ని ఒకచోట చేర్చారు. బీఎంఐ 25 ఉన్నవారితో పోలిస్తే 35 ఉన్నవారికి ఎముకలు విరిగే ముప్పు 0.87 వంతు, అంటే తక్కువ. సాంద్రతకు సర్దుబాటు చేయగానే అది 1.16 అయింది, అంటే ఎక్కువ. ఊబకాయం మేలు చేసే దారుల్లో పెద్దది సాంద్రతను పెంచడం. సాంద్రతను సమానం చేస్తే ఆ దారి మూసేసినట్టే. మిగిలేవి కీడు చేసే దారులు. బరువైన శరీరం పడితే దెబ్బ గట్టిగా తగులుతుంది. టైప్-2 మధుమేహం ఉన్నవారికి, సాంద్రతను బట్టి అనుకున్నదానికన్నా ఎక్కువగా ఎముకలు విరుగుతాయి. దీని వెనక ఇంకో మెలిక ఉంది. ఒకే సాంద్రత ఉన్న సన్నని స్త్రీనీ, లావుపాటి స్త్రీనీ పక్కపక్కన నిలబెట్టండి. లావుపాటి ఆమెకు ఆ సాంద్రత బరువు సాయంతో వచ్చింది. ఆ సాయం లేకుండానే సన్నని ఆమె అదే సాంద్రతకు చేరిందంటే, ఆమెకు వేరే బలం ఏదో ఉండి ఉండాలి. వంశం నుంచి వచ్చినదో, పొలం పని చేసినదో, యవ్వనంలో బాగా తిన్నదో. మన పట్టికలో ఆ గడి లేదు. సాంద్రతను సమానం చేయడంతోనే మనకు తెలియకుండా ఇతర విషయాల్లో అసమానుల్ని పోల్చాం.

మరి 1.16 తప్పుడు అంకె అందామా? అనలేం. క్లినిక్‌లో డాక్టరు ముందు డెక్సా రిపోర్టు ఉంది, ఎదురుగా రోగి ఉంది. ఈ సాంద్రత ఉన్న ఈమెకు ఎముక విరిగే అవకాశమెంత అన్నది ఆ డాక్టరు ప్రశ్న. దానికి సర్దుబాటు చేసిన అంకే సరైనది. ఊబకాయం వల్ల ఎముకలు విరుగుతాయా అన్నది ఆరోగ్యశాఖ ప్రశ్న. దానికి ఆ అంకె పనికిరాదు. అలాగని సర్దుబాటు చేయని మొత్తం అంకె కూడా కథంతా చెప్పదు. పది దేశాల్లో అరవై వేలమంది స్త్రీలతో జరిగిన గ్లో అధ్యయనంలో, మొదలయ్యేనాటికే ఎముక విరిగినవారు ఊబకాయుల్లో వెయ్యికి 222, మిగతావారిలో 227. దాదాపు సమానం. కానీ ఊబకాయుల్లో చీలమండ, పైకాలు ఎక్కువ విరిగాయి, మణికట్టు తక్కువ విరిగింది. మొత్తం అంకె ఏ తేడా లేదని చెబుతున్నా, శరీరంలో చోటును బట్టి కథ మారింది.

సర్దుబాటు ఎంత చేసినా తేలనిది ప్రయోగంలో తేలుతుంది. 2011లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో విల్లారియల్ బృందం 65 ఏళ్లు దాటిన 107 మంది ఊబకాయుల మీద ఏడాదిపాటు చేసిన ప్రయోగ ఫలితాల్ని ప్రచురించింది. తిండి మాత్రమే తగ్గించినవారి కండ 5 శాతం, తుంటి సాంద్రత 3 శాతం తగ్గాయి. తిండి తగ్గిస్తూ వ్యాయామమూ చేసినవారిలో కండ 3 శాతం, సాంద్రత ఒక శాతం మాత్రమే తగ్గాయి. నడుము ఎముకకు చేటన్న సర్దుబాటు గుణకాన్ని పట్టుకుని, పొట్ట తగ్గించుకోండి, ఎముక గట్టిపడుతుందని యాభై ఐదేళ్ల స్త్రీకి సలహా ఇచ్చి పంపితే, ఆమె అన్నం మానేసి కండనూ ఎముకనూ కూడా పోగొట్టుకుంటుంది. నా పట్టుదలంతా ఆమె గురించే. గుణకానికి అర్థం తప్పుగా చెబితే దాని మూల్యం తుంటి ఎముకతో చెల్లించేది ఆమె.

మన ప్రాంతానికి వస్తే, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ వీణా శత్రుఘ్న, ఆమె సహచరులు 2005లో 30-60 ఏళ్ల పేద స్త్రీల ఎముకల కొలతల్ని ప్రచురించారు. సంపన్న దేశాల స్త్రీలకన్నా సాంద్రత బాగా తక్కువ. పొట్టిగా, చిన్న ఎముకలతో పెరిగిన ఈ స్త్రీల అంకెను అమెరికన్ యువతుల అంకెతో తూచినప్పుడు, అందులో కొంత భాగం ఎముక పరిమాణానిది, కొంత భాగం ఎముక నాణ్యతది. ఎత్తుకు సర్దుబాటు చేస్తే ఈ రెండూ కొంత విడివడతాయి. కానీ ఆ పొట్టితనమే చిన్నప్పటి ఆకలి వల్ల వచ్చినదైతే, ఎత్తును సమానం చేయడమంటే ఆకలి చేసిన హానిని లెక్కలోంచి చెరిపేయడమే. ఎత్తుకు సర్దుబాటు చేసిన అంకెనూ, చేయని అంకెనూ పక్కపక్కనే వేసి, ఏది ఏ ప్రశ్నకు జవాబో కింద రాయడం తప్ప వేరే నిజాయితీ గల మార్గం నాకు కనిపించడం లేదు.

1987-90 మధ్య హైదరాబాద్ సమీప గ్రామాల్లో గర్భిణులకూ పిల్లలకూ అదనపు ఆహారం ఇచ్చి చేసిన ప్రయోగంలోని పిల్లల్నే పెద్దయ్యాక వెతికి పట్టుకుని, డెక్సా తీశారు. ఆంధ్రప్రదేశ్ పిల్లలు, తల్లిదండ్రుల అధ్యయనమని దాని పేరు. ఆ యువతీయువకుల ఎముకను నిర్ణయించడంలో కొవ్వుకన్నా కండకూ, బరువు మోసే శ్రమకూ ఎక్కువ పాత్ర ఉందని 2014లో వచ్చిన ఫలితం. ఆ పిల్లలిప్పుడు ముప్పై అయిదు దాటుతున్నారు. పొలం పని నుంచి నగరపు కూర్చుని చేసే పనికి మారినవారు వారిలో ఉన్నారు. రాబోయే పదిహేనేళ్లలో ఆ స్త్రీలకు ముట్లు ఆగిపోతాయి. వేర్వేరు మనుషుల్ని కాగితం మీద ఒకే బరువుకు తెచ్చి పోల్చడం కాక, ఒకే స్త్రీలో కండ ఎంత తగ్గింది, నడుము ఎంత పెరిగింది, తుంటి సాంద్రత ఎటు వెళ్లిందన్నది మెనోపాజ్‌కు ముందొకసారి, తర్వాతొకసారి కొలిచి చూసే అవకాశం ఆ గ్రామాల్లో ఉంది. ఆ కొలతలకు కావలసిన నిధుల్ని ఇప్పటి నుంచే కేటాయించమని, ప్రతి కొలతనూ సర్దుబాటుకు ముందూ తర్వాతా రెండు రూపాల్లోనూ అందరికీ అందుబాటులో ఉంచమని, ఈ సభలో ఉన్న పరిశోధన సంస్థల పెద్దల్ని రావు గారి పేరు మీద అడుగుతున్నాను.